రాకెట్టు పక్కింటివాళ్ల ప్రణాళిక

మేము సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, వాకాడు, కోట, గూడూరు చుట్టుపక్కల ఉండే రాకెట్టు పిచ్చివాళ్లం. మాలో బడి పంతుళ్లున్నారు, రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లున్నారు, పడవలున్నవాళ్లున్నారు, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లున్నారు, ఇంజనీరింగు చదివే పిల్లలున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మా ఊళ్లు చాలావరకు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ఆఫీసు కాగితాల్లో ఏ జిల్లా ఉంటే అదే రాస్తాం. మాట్లాడుకునేటప్పుడు మాత్రం మాది నెల్లూరు తీరమే. సంఘానికి ఇంకా పేరు పెట్టుకోలేదు. పేరు దగ్గర మొదలుపెడితే ప్రణాళిక ఈ జన్మకు తేలదని ముందు ఇది రాసుకున్నాం.

యాభై ఏళ్లపాటు మాకు రాకెట్టంటే సర్కారుదే. 1969లో శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్టుతో ప్రయోగాలు మొదలయ్యాయి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 సముద్రం పాలైంది. మరుసటి ఏడాది జులై 18న అదే తరహా రాకెట్టు ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 వందో ప్రయోగంగా లేచింది. పడినా లేచినా అది అందరిదీ. ఇందులో ఎవరికెంత లాభం అని అడగాల్సిన అవసరం మా పెద్దలకు రాలేదు.

2022 నవంబరు 18న ఉదయం పదకొండున్నరకు ఆ అవసరం వచ్చింది. హైదరాబాదు ప్రైవేటు కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ ఆ రోజు శ్రీహరికోటలోని షార్ ప్రయోగ కేంద్రం నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తు తాకి బంగాళాఖాతంలో పడింది. మనిషికి మూడు నాలుగింతలుండే బుడత రాకెట్టది. ఇస్రోలో ఉద్యోగాలు వదులుకుని వచ్చిన చందన పవన్ కుమార్, డాకా నాగభరత్ 2018లో పెట్టిన కంపెనీ. ఎనిమిది రోజులకు పీఎస్‌ఎల్‌వీ-సీ54 మీద హైదరాబాదుకే చెందిన ధ్రువ స్పేస్ వాళ్ల థైబోల్ట్ బుల్లి ఉపగ్రహాలు రెండు కక్ష్యకెక్కాయి. మద్రాసు ఐఐటీలో పుట్టిన అగ్నికుల్ ఏకంగా మా శ్రీహరికోట దీవిలోనే సొంత ప్రయోగ వేదిక కట్టుకుంది. నాలుగుసార్లు ఆగి, అయిదోసారి, 2024 మే 30న తన అగ్నిబాణ్‌ను అక్కడినుంచి వదిలింది. త్రీడీ ప్రింటింగులో ఒకే ముక్కగా పోతపోసినట్టు చేసిన ఇంజను దానిది.

ఇవన్నీ చూసి మేము ఈలలు వేశాం. దాచుకోవాల్సిన సంగతేమీ కాదది. దేశంలో ఎక్కడో ఉన్న అభిమానికి రాకెట్టు ఫోనులో కనిపిస్తుంది. మాకు మాత్రం కిటికీ రెక్కలు అదురుతాయి. అయితే ఈలతోపాటు మరో పని కూడా మా మీద పడిందని ఇప్పుడు అనుకుంటున్నాం. మేము అభిమానులమే, దానికంటే ముందు ఇరుగుపొరుగు. పక్కింట్లో పెళ్లయితే సంతోషిస్తాం, పందిరి గుంజ మన గోడలోకి దిగితే మాట్లాడతాం. ఈ సంఘం పాటించే నియమాలన్నీ ఈ ఒక్క సంగతి మీదే నిలబడతాయి.

అమెరికాలో టెక్సస్ కొసన బోకా చీకా అనే తీరం ఉంది. స్పేస్‌ఎక్స్ అక్కడ స్టార్‌షిప్ కడుతోంది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడినుంచో అభిమానులు వచ్చి, రాత్రింబవళ్లు కెమెరాలు పెట్టి, ప్రతి బోల్టునూ లెక్కపెట్టారు. వాళ్ల శ్రద్ధ మాకు ఆదర్శమే. అదే తీరంలో పరీక్షలున్నప్పుడల్లా సముద్రపు ఒడ్డుకు వెళ్లే ఒక్కగానొక్క రోడ్డు మూసేస్తారు. 2023 ఏప్రిల్ 20న మొదటి స్టార్‌షిప్ లేచినప్పుడు వేదిక కింది కాంక్రీటు పెళ్లలు పెళ్లలుగా ఎగిరి చుట్టూ పడింది. 2025 మేలో అక్కడ ఓట్లు వేసి స్టార్‌బేస్ అనే పురపాలికే ఏర్పాటు చేసుకున్నారు. ఓటర్లలో ఎక్కువమంది కంపెనీకి సంబంధించినవాళ్లే. అభిమానులు ఏ కంపెనీకి జెండా పట్టారో ఆ కంపెనీని ప్రశ్నించడం వాళ్లకు కష్టమవుతుంది. మా తీరంలో మేము ఏ కంపెనీ జెండా పట్టం. స్కైరూట్‌కు కొట్టిన చప్పట్లే అగ్నికుల్‌కూ కొడతాం, రేపు కొత్తగా వచ్చేవాళ్లకూ కొడతాం. ఇస్రోకు రెండు ఎక్కువ పడితే అది పాత బంధుత్వం, క్షమించాలి.

సముద్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రాకెట్టు ఇక్కడ ఉండటానికి కారణమే సముద్రం. భూమి పడమటినుంచి తూర్పుకు తిరుగుతోంది. శ్రీహరికోట ఉన్న అక్షాంశంలో ఆ వేగం సెకనుకు 450 మీటర్ల పైమాట. తూర్పుకు వదిలిన రాకెట్టుకు అది ఉచితంగా దొరికే తోపు. తూర్పున జనావాసాలు లేని నీళ్లున్నాయి కాబట్టి రాలిన దశలు నీళ్లలోనే పడతాయి. కానీ జనావాసం లేదంటే జనం లేరని కాదు. ఆ నీళ్లలో మా పడవలుంటాయి. ప్రయోగానికి ముందు ఫలానా మేరలో వేటకు వెళ్లొద్దని కబురు వస్తుంది. వెళ్లరు. వెళ్లకపోతే ఆ రోజు కూలి లేదు, పడవ తీసినా తీయకపోయినా వలల అప్పు మీద వడ్డీ ఉంది. ప్రయోగం ఆఖరి నిమిషంలో వాయిదా పడితే ఇంకో రోజు పోతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు. దానికి రాష్ట్రప్రభుత్వం భృతి ఇస్తోంది, 2025 నుంచి అది కుటుంబానికి 20,000 రూపాయలు. చేప కోసం ఆగితే భృతి ఉన్నప్పుడు రాకెట్టు కోసం ఆగితే ఎందుకు ఉండకూడదు? దేశం కోసం ఒక పూట మానుకోమంటే మానుకున్నారు, ఇకముందూ మానుకుంటారు. లాభం కోసం వచ్చిన కంపెనీ మాత్రం వేట పోయిన ప్రతి పూటకూ కట్టాలి. వాయిదా పడ్డ పూటకు కూడా. ప్రయోగం ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాని సొమ్ము. కట్టడం మొదలుపెట్టిన కంపెనీ పేరు మేమే ఊరంతా చెప్తాం.

దీని వెనక ఇంకో సంగతుంది. అంతరిక్ష వస్తువుల వల్ల జరిగే నష్టానికి ఎవరు బాధ్యులో చెప్పే అంతర్జాతీయ ఒప్పందం 1972 నాటిది. మన దేశం నుంచి లేచిన రాకెట్టు, ప్రైవేటుదైనా సరే, శ్రీలంక పడవ మీద పడితే పరిహారానికి భారత ప్రభుత్వం జవాబుదారీ. మరి అదే ముక్క మా దుగరాజపట్నం పడవ మీద పడితే? ప్రయోగించిన దేశపు పౌరులకు ఈ ఒప్పందం వర్తించదని దాని ఏడో అధికరణం తేల్చేసింది. అక్కడ దిక్కు మన చట్టమే. ఆ చట్టం ఏదీ? అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లో జనం ముందుకు వచ్చింది గానీ చట్టం కాలేదు. ఉన్నవి 2023 అంతరిక్ష విధానం, ప్రైవేటు ప్రయోగాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ 2024లో ఇచ్చిన నియమాలు. విధానానికీ చట్టానికీ తేడా కోర్టు మెట్లెక్కినవాడికే తెలుస్తుంది. రాకెట్టు కంపెనీల్లోకి 49 శాతం దాకా విదేశీ పెట్టుబడి నేరుగా రావడానికి 2024లోనే దారి తీశారు. పెట్టుబడికి అంత తొందరగా దొరికిన దారి పడవవాడి పరిహారానికీ దొరకాలని మా డిమాండు. రాసేటప్పుడు ఆ చట్టంలో తీరవాసుల బీమా మాట అరకొరగా కాక స్పష్టంగా ఉండాలి.

వైఫల్యాన్ని మేము ఎగతాళి చేయం. ఈ తీరానికి వైఫల్యం కొత్త కాదు. సభ్యుల్లో ఎవరైనా కూలిన రాకెట్టు మీద జోకులు పంచితే వాళ్లకు ఒక ప్రయోగం పాటు టీలు పోసే పని. కానీ ఎందుకు కూలిందో అడుగుతాం. 2022 ఆగస్టు 7న తొలి ఎస్‌ఎస్‌ఎల్‌వీ తప్పటడుగు వేస్తే, రెండో దశ విడిపోయేటప్పటి అదురుకు కొలత పరికరాలు తికమకపడ్డాయని ఇస్రో విడమరిచి చెప్పింది. చదివి మా పిల్లలు ఫిజిక్సు నేర్చుకున్నారు. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61, 2026 జనవరి 12న సీ62, రెండూ మూడో దశలోనే దెబ్బతిన్నాయి. రెండోదాంట్లో ప్రైవేటువాళ్ల ఉపగ్రహాలు కూడా పోయాయి. అలాంటప్పుడు కారణాలు మామూలు మనిషి చదవగలిగే రూపంలో బయటికి రావాలి. ప్రైవేటు కంపెనీలకు వ్యాపార రహస్యాలుంటాయి, ఒప్పుకుంటాం. ఇంజను ఎలా చేశారో దాచుకోండి. ఏ ముక్క ఎక్కడ పడింది, అందులో మిగిలిన ఇంధనం ఏమిటి, ముట్టుకుంటే ప్రమాదమా అన్నవి రహస్యాలు కావు. 2004 ఫిబ్రవరి 23న షార్ ఘన ఇంధన కర్మాగారంలో పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. ఇంధనంతో పని అంటే ఏమిటో ఈ తీరానికి చెప్పనక్కర్లేదు.

శ్రీహరికోట ఖాళీ దీవి కాదని కొత్తగా చేరే సభ్యులకు మొదటే చెప్పాలి. అక్కడ యానాదుల గూడేలుండేవి. అడవిలో దుంప, తేనె, పులికాట్ సరస్సులో చేప మీద బతికినవాళ్లు. దీవిని సేకరించాక ఆ బతుకు పోయింది. దేశం రాకెట్టు కథ చెప్పుకునేటప్పుడు సతీష్ ధావన్‌ను తలుచుకుంటుంది, తలుచుకోవాల్సిందే, ఇక్కడి ప్రయోగ కేంద్రానికి 2002లో ఆయన పేరే పెట్టారు. మా కార్యక్రమాల్లో యానాదుల మాట కూడా వస్తుంది. ఉపన్యాసంలో తలిచి వదిలేయడానికి కాదు: కంపెనీలు ఇక్కడ నియామకాలు చేసేటప్పుడు ఈ కుటుంబాల పిల్లలకు గార్డు, స్వీపరు పనులే మిగలకూడదు. వెల్డింగు, కాంపోజిట్ పనులు, వైరింగు పరీక్షలు, ఇవి ఐటీఐ చదువుతో నేర్పగలిగినవే. హైదరాబాదులో ఎంటార్, అనంత్ టెక్నాలజీస్ లాంటివి దశాబ్దాలుగా ఇస్రోకు భాగాలు చేసిపెడుతున్నాయి. అక్కడ చేతిపని నేర్చినవాళ్ల విలువ ఎంతో ఆ పరిశ్రమకే తెలుసు. ఆ నేర్పు తీరందాకా రావాలి. రాకెట్టు మా దగ్గర లేస్తుంది, జీతాలు వేరేచోట పుడతాయి అన్న పరిస్థితి ఇంకో యాభై ఏళ్లు సాగనివ్వం.

తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రం వస్తోంది, చిన్న రాకెట్లన్నీ అటు పోతాయని మాలో కొందరికి దిగులు. సంఘం ఆ దిగులు పడదు. అక్కడినుంచి దక్షిణానికి తిన్నగా వదలొచ్చు, ఇక్కడినుంచైతే శ్రీలంకను తప్పించి వంకర తిరగాలి. చిన్న రాకెట్టుకు ఆ వంకరలోనే చాలా బలం పోతుంది. శాస్త్రం అటు చూపిస్తే అటే పోనివ్వండి. 2025 జనవరిలో మా దీవికి మూడో వేదిక మంజూరైంది, దాదాపు 3,985 కోట్లతో. ఈర్ష్యకు చోటెక్కడ?

ఇక మా మీద మేము పెట్టుకున్న కట్టుబాట్లు. అక్టోబరు నుంచి మార్చి దాకా పులికాట్‌లో రాజహంసలుంటాయి, నేలపట్టులో గూడబాతులు పిల్లల్ని పెంచుతుంటాయి. ఫోటో కోసం అటకానితిప్ప దారి దిగి బురదలోకి బండ్లు తోలేవాడు సభ్యుడు కాదు. డ్రోన్లు ఎగరేయం. ప్రయోగం అయ్యాక రోడ్డుపక్క మిగిలే వాటర్ ప్యాకెట్లు, చిప్సు కవర్లు ఏరేదాకా మా ప్రయోగం ముగియనట్టే. రాయదొరువు ముఖద్వారం పూడిపోయి సరస్సు చిక్కిపోతోందని మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అది రాకెట్టు సమస్య కాదు. అయినా రాకెట్టు వల్ల మాకు దొరికిన నాలుగు కెమెరాల దృష్టిని అటు తిప్పడం మా పనే అనుకుంటున్నాం.

షార్‌లో 2019 మార్చి 31న జనం కోసం గ్యాలరీ తెరిచారు. పేరు నమోదు చేసుకుంటే డబ్బు కట్టకుండా చూడొచ్చు. ప్రైవేటు ప్రయోగాలు పెరిగేకొద్దీ ఎవరో ఒకరు దానికి ప్రీమియం టికెట్టు పెడదామంటారు. పెట్టనివ్వం. ప్రయోగం సమాచారం, వేటకు వెళ్లొద్దన్న కబురు, వాయిదా వార్త మూడూ తెలుగులో, సముద్రంలో ఉన్నవాడికి అందేలా ముందుగా రావాలి.

పిల్లలకు చూపించడంతో ఆగం. 2005 మే 5న మా రెండో వేదిక నుంచి లేచిన హ్యామ్‌శాట్ ప్రపంచంలోని హ్యామ్ రేడియోవాళ్లందరికీ దాదాపు తొమ్మిదేళ్లు పనికొచ్చింది. థైబోల్టులు కూడా హ్యామ్‌ల కోసం పంపినవే. అలాంటి ఉపగ్రహం తలమీదుగా పోతుంటే చేత్తో చేసిన యాంటెన్నా, ఓ చవక రిసీవరు, పాత ల్యాప్‌టాప్‌తో దాని చప్పుడు పట్టుకోవచ్చు. ప్రతి మండలంలో ఒక సర్కారు బడిలోనైనా ఆ సామాను ఉండాలని మా ప్రయత్నం. తెనాలి మూలాలున్న బండ్ల శిరీష 2021లో, విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024లో కంపెనీల వాహనాలెక్కి అంతరిక్షం అంచు చూసి వచ్చారు. సంతోషమే. కానీ వాళ్ల ఫోటోలు గోడకు అంటించడం కంటే ఆ యాంటెన్నా పిల్ల చేతికివ్వడం మాకు ముఖ్యం.

సభ్యత్వానికి రుసుము లేదు. కంపెనీల విరాళం, టీషర్టు, ఉచిత ప్రయాణం ఏదీ తీసుకోం. షార్‌లోనో కంపెనీల్లోనో పనిచేసేవాళ్లు చేరొచ్చు, మాకు వాళ్ల తెలివి కావాలి. వాళ్ల సంస్థ మీద తీర్మానం వచ్చినప్పుడు మాత్రం ఓటు వేయకూడదు. కార్యవర్గంలో మూడోవంతు పడవలవాళ్లు, యానాదులు ఉండాలి. సమావేశాలు వేటకు వెళ్లే వేళల్లో పెట్టం. మొదటి తీర్మానం వేట భృతి మీద, ఇన్‌స్పేస్‌కూ రాష్ట్ర మత్స్యశాఖకూ పంపడానికి. దాని ముసాయిదా సూళ్లూరుపేటలో చదివి వినిపిస్తాం, అభ్యంతరాలున్నవాళ్లు అక్కడే చెప్పొచ్చు.