సంతకం అడిగారు, సమాధానం చెప్పలేదు

2022 జనవరి 3న దేశమంతటా 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు కోవిడ్ టీకా మొదలైంది. మార్చి 16 నుంచి 12 ఏళ్లు నిండినవారికీ వేశారు. పెద్దపిల్లలకు వేసిన కోవాగ్జిన్, చిన్నవారికి వేసిన కోర్బెవాక్స్ రెండూ హైదరాబాద్ కంపెనీలవే. ఆ టీకా శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు వచ్చేసరికి తల్లుల నోట వినిపించిన ప్రశ్న ఒక్కటే: "మా గుంటడికి ఏటైనా అయితే ఎవుల్ది పూచీ?" ఏ రోజు ఎన్ని డోసులు పడ్డాయో నిమిషాల్లో చెప్పగలిగిన యంత్రాంగం ఈ ప్రశ్నకు మాత్రం నోరు విప్పలేదు.

సందేహించిన తల్లిదండ్రులను మూఢులని కొట్టిపారేయడం తేలిక. కానీ వారికి మనం చెప్పిందేమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2021 మే, జూన్‌లలో మూడో వేవ్ పిల్లల మీదే పడుతుందని టీవీలు ఊదరగొట్టాయి. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ముందుగా టీకా వేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఆ జూన్‌లోనే నిర్ణయించింది. ఏడాది తిరక్కముందే ఒమిక్రాన్ వచ్చింది, పిల్లలకు పెద్దగా ఏమీ కాదన్నారు. సరిగ్గా అప్పుడే సూదిమందు పట్టుకుని బళ్లకు వచ్చారు. ఇందులో ఏది నమ్మాలి ఆ తల్లి? పిల్లల్లో కోవిడ్ ముదరడం అరుదు. షుగరు, కిడ్నీ, గుండె జబ్బులున్న పిల్లలకు మాత్రం ముప్పు ఎక్కువ. టీకా వేసుకుంటే జబ్బు సోకినా ముదిరే అవకాశం తగ్గుతుంది. వేసిన రోజు ఒళ్లు వెచ్చబడవచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే ఫలానా సిస్టర్‌కు ఫోన్ చేయండి. నిజం ఇంతే. దీన్ని రచ్చబండ దగ్గర కూర్చుని చెప్పడానికి ఒక సాయంత్రం చాలు. ఆ సాయంత్రాన్ని ఖర్చు పెట్టలేదు.

ఈ ప్రాంతానికి అనుమానం ఊరికే రాలేదు. ఉద్దానంలో దశాబ్దాలుగా మూత్రపిండాలు చెడి మనుషులు రాలిపోతున్నారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో రక్తం, నీళ్లు పట్టుకెళ్లిన బృందాలెన్నో. జబ్బుకు కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. ఒంట్లోంచి తీసుకెళ్లినవారు తిరిగొచ్చి సంగతి చెప్పని ఊళ్లో, కొత్త మందు ఒంట్లోకి ఎక్కిస్తామంటే వెంటనే చేయి చాపలేదని జనాన్ని తప్పుపట్టగలమా? తీరం వెంబడి ఊళ్లది మరో అవస్థ. 2020 లాక్‌డౌన్‌లో గుజరాత్‌లోని వెరావల్‌లో మన మత్స్యకారులు వేలమంది చిక్కుబడిపోయారు. సంసారంలో సగం ఎప్పుడూ దూరదేశంలోనే. "ఇంటాయన ఊళ్లో లేడు, ఫోన్‌లో అడిగి చెప్తాను" అన్న తల్లి మొండికేసినట్టు కాదు. ఆ ఇంట్లో నిర్ణయాలు జరిగే తీరే అది.

కొండల్లో సంతకం సంగతి ఇంతకన్నా బరువైనది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవర, జాతాపు పిల్లలెందరో ఆశ్రమ పాఠశాలల్లో, అమ్మానాన్నలు కొండ మీద. అంగీకారపత్రం మీద సంతకం ఎవరు పెట్టాలి? తెలుగు నేల ఈ ప్రశ్నను ఒకసారి ఎదుర్కొంది. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను అడ్డుకునే టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి వేశారు. అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్‌తో కలిసి చేపట్టిన అధ్యయనమది. తర్వాత పరిశీలిస్తే 9,543 అంగీకారపత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. ఇదే అధ్యయనం జరిగిన గుజరాత్‌లోని వడోదరతో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారని తెలిసి దేశం ఉలిక్కిపడింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం దాన్ని తీవ్రంగా ఎండగట్టింది.

చనిపోయిన వారిలో ఐదుగురి మరణాలకు నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా కారణాలని, మిగిలిన ఇద్దరివీ టీకా వల్ల అయ్యే అవకాశం తక్కువని విచారణ తేల్చింది. అయినా వినే చెవి మిగల్లేదు. నూరుకు పైగా దేశాలు వాడుతున్న టీకా అది. అమ్మానాన్నలది కాని సంతకం దానికి తెచ్చిన అప్రతిష్ఠతో మన ఆడపిల్లలు ఎన్నో ఏళ్లు నష్టపోయారు. ఇంత జరిగాక కూడా సవర తల్లికి సవర భాషలో విషయం చెప్పి, విన్నాక ఆమె ఔనంటేనే పిల్లకు సూది వేయాలన్న కట్టుబాటు ఏజెన్సీలో ఎందుకు స్థిరపడలేదు? దీనికి గిరిజన సంక్షేమ శాఖ, వైద్యారోగ్య శాఖ రెండూ జవాబు చెప్పాలి.

చదువుకున్నవారి నేరం వేరే. టీకా వేసుకున్నవారు రెండేళ్లలో పోతారని నోబెల్ గ్రహీత లూక్ మాంటనియర్ అన్నట్టు 2021 మేలో వాట్సాప్‌లో ఒక అబద్ధం తిరిగింది. ఆయన ఆ మాట అననే లేదు. దాన్ని పల్లెలకు మోసింది డిగ్రీలు చదివి పట్నాల్లో కొలువులు చేసే బంధువులే. "మా మేనల్లుడు ఇంజినీరు, ఆడే పంపాడు" అన్నాక ఏఎన్ఎం మాట ఎక్కడ చెల్లుతుంది? ఆ నెలలోనే, కోవిడ్‌కని ఇచ్చిన, అప్పటికి క్లినికల్ పరీక్షలేవీ జరగని ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నంలో వేలమంది బారులు తీరారు. వేలమంది మీద పరీక్షించిన టీకాను ప్రశ్నించిన నోళ్లే ఆ మందును పొగిడాయి. ఆ రోజుల్లో ఫార్వర్డ్ కొట్టిన ప్రతి వేలూ ఎవరో ఒక బిడ్డకు అందాల్సిన రక్షణను ఆలస్యం చేసింది.

తల్లిదండ్రులనూ పూర్తిగా వదిలిపెట్టలేం. నిన్న వచ్చిన టీకా గురించి నాలుగు ప్రశ్నలు అడగడం వారి హక్కు. అదే అనుమానాన్ని తట్టు, కోరింత దగ్గు, కంఠసర్పి టీకాల మీదికి పాకనివ్వడం మాత్రం బిడ్డకు చేసే ద్రోహం. దేశంలో 1985 నుంచి తట్టు టీకా వేస్తున్నారు, దాని మంచిచెడ్డలు మూడు తరాలకు తెలుసు. 2021లో ప్రపంచంలో రెండున్నర కోట్ల మంది పసివాళ్లకు మామూలు టీకాలు పూర్తిగానో కొంతగానో తప్పిపోయాయని డబ్ల్యూహెచ్ఓ, యునిసెఫ్ ప్రకటించాయి. ఫలితం ఎక్కడో కాదు, మన దేశంలోనే కనిపించింది. 2022 చివర్లో ముంబయి గోవండి బస్తీల్లో తట్టు విజృంభించి పసిప్రాణాలు తీసింది. తట్టు సోకిన ఒక్క బిడ్డ నుంచి టీకా లేని పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకోగలదు. నూటికి 95 మంది పిల్లలకు టీకా పడితేనే అది ఊళ్లో నిలవదు. కోవిడ్‌కు ముందు, 2019లో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో లెక్క తీసినప్పుడే అన్ని టీకాలూ పూర్తయిన పసివాళ్లు 73 శాతమే. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి బిడ్డను పడుకోబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పైడితల్లికి మొక్కుకోండి, సూది కూడా వేయించండి.

అధికారులు లెక్కలోకి తీసుకోని చిన్న సంగతి ఒకటుంది. ఆరు వారాల పసికందుకు పెంటావలెంట్ వేస్తే ఆ రాత్రి తొడ గట్టిపడి, ఒళ్లు కాలి, తెల్లవార్లూ ఏడుస్తుంది. తెల్లారితే పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి తల్లి వెళ్లలేదు. ఆ రోజు కూలి పోయినట్టే. పదో వారం, పద్నాలుగో వారం మళ్లీ ఇదే తంతు. రెండో డోసుకు రాని తల్లిని అజ్ఞానురాలని రిజిస్టరులో రాసుకునేకన్నా జ్వరం మందు చేతికిచ్చి, మర్నాడు ఆశా కార్యకర్తను ఆ గడపకు పంపితే ఆమె తర్వాతి డోసుకు తానే వస్తుంది.

టీకా వేయించుకోవాలని ఎవరినీ బలవంతం చేయరాదని సుప్రీంకోర్టు 2022 మే 2న చెప్పింది. పిల్లలకు టీకా వేయాలన్న విధానాన్ని సమర్థిస్తూనే, పిల్లల మీద జరిపిన పరీక్షల ముఖ్య ఫలితాలను ప్రజల ముందు పెట్టాలని ఆదేశించింది. ఆ ఫలితాలు ఇంగ్లిషు వెబ్‌సైట్లలో ఉంటే చాలదు. తెలుగులో, సవరలో గ్రామ సచివాలయం గోడ మీదికి రావాలి. టీకా తర్వాత ఇబ్బంది వచ్చిన ప్రతి బిడ్డ విషయంలో ఏం జరిగిందో ఆ ఊరికే వచ్చి చెప్పాలి. ఆశ్రమ పాఠశాలల్లో వార్డెన్ సంతకం చెల్లదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. మరో మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా ఇవన్నీ ఇప్పుడే జరగాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఇంట్లో ఉన్న టీకా కార్డు తీసి చూడండి. తొమ్మిది నెలలకు, పదహారు నెలలు దాటాక వేసే తట్టు టీకా గళ్లలో తేదీలు లేకపోతే, వచ్చే బుధవారమో శనివారమో బిడ్డను ఎత్తుకుని ఏఎన్ఎం దగ్గరకు వెళ్లండి. అడగాలనుకున్నవన్నీ అడగండి, జవాబు చెప్పించుకోండి, టీకా వేయించాకే ఇంటికి రండి.