ఆమె రోజులు ఎవరి లెక్కలోకి వస్తాయి?

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచీ తరం తరవాత తరం మగవాళ్లు సైన్యంలోకి వెళ్తున్న ఊరు. అక్కడ ఒక ఇంట్లో గోడమీద క్యాలెండరు చూశాను. ఒక తేదీ చుట్టూ ఎర్రసిరాతో గీత ఉంది. సరిహద్దులో ఫీల్డు పోస్టింగు ముగించుకుని ఆమె భర్త ఇంటికి రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. "సంతోషంగా ఉందా?" అని అడిగాను. చదువుకున్నవాళ్లం అడిగే తెలివితక్కువ ప్రశ్నల్లో ఇదొకటి.

"సంతోషమేనండి. ఆయనగారు వచ్చేదాకా రోజులు లెక్కెడతారండి. నాకు ఆయనొచ్చాకే లెక్కలు మొదలవుతాయండి," అందామె.

ఏం లెక్కలు? పంపిన డబ్బు ఏమైంది, అత్తగారి వైద్యానికి చేసిన అప్పుకు వడ్డీ ఎంత ఒప్పుకుంది, పుట్టింటికి రెండుసార్లు ఎందుకెళ్లింది, ఇంటికి ఎవరెవరు వచ్చిపోయారు. ఇన్నాళ్లూ ఇల్లూ పొలమూ పిల్లల చదువూ ఒంటిచేత్తో నడిపిన మనిషి, ఆయన గడపలో కాలు పెట్టగానే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇంటికి రాబోయే సైనికుడి చివరి రోజులంటే మన సినిమాలకూ పత్రికలకూ ఎంత మమకారమో! బంకరు, ఉత్తరం, జేబులో ఫోటో. ఆ కథలో భార్యకున్న పని గుమ్మంలో నిలబడి ఎదురుచూడటం ఒక్కటే. అతని బెంగ అబద్ధమని నేననను. మంచులో, చావు పక్కన గడిపిన మనిషికి ఇల్లు గుర్తుకు రావడం కంటే సహజమైంది ఏముంది? కానీ అతని బెంగ దేశభక్తి అయి, ఆమె చాకిరీ కేవలం ఓర్పుగా మిగిలిపోవడం మాత్రం సహజం కాదు. అది పితృస్వామ్యమూ రాజ్యమూ కలిసి చేసుకున్న ఏర్పాటు.

జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. క్వార్టర్సు దొరకని భార్యకు కాపురమంటే ఆ మూడు నెలలే. తక్కిన తొమ్మిది నెలల శ్రమకు జీతమూ లేదు, పేరూ లేదు.

ఆ చివరి రోజులు ఇంటిదాకా చేరకపోతే? 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది సైనికులు చనిపోయారు. వారిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు ఒకరు. హైదరాబాదుకు బదిలీ అయింది, వచ్చేస్తారని ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తున్న రోజులవి. తెలంగాణ ప్రభుత్వం ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. మంచి పనే. కానీ అది ప్రభుత్వం తలుచుకుని ఇచ్చింది. దేశమంతా మాట్లాడుకోని చావుల్లో భర్తను పోగొట్టుకున్న జవాను భార్య ఎవరి తలపు కోసం ఎదురుచూడాలి? దయగా ఇచ్చేదాన్ని హక్కు అనగలమా?

రాజ్యం ఆమెను ఎలా చూసిందో ఒక్క నిబంధన చాలు చెప్పడానికి. శౌర్య పతకంతో పాటు వచ్చే నగదు భత్యం భర్త మరణిస్తే భార్యకు వస్తుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, చనిపోయిన భర్త సోదరుణ్ణి చేసుకుంటే తప్ప! అంటే ఆమె ఆ ఇంటి ఆస్తిగా ఉన్నంతవరకే ఆ సొమ్ము ఆమెది. 2017 నవంబరులో, స్వాతంత్ర్యం వచ్చి 70 ఏళ్లు నిండాక, రక్షణశాఖ ఈ షరతు తీసేసింది. షరతు పోయింది గానీ బుద్ధి పోలేదు. 2024లో, మరణించిన భర్తకిచ్చిన కీర్తిచక్రను అందుకున్న ఒక యువతి మీద కొందరు రాసిన అసభ్యపు రాతలపై జాతీయ మహిళా కమిషన్ పోలీసులను కదిలించాల్సి వచ్చింది.

భర్త తిరిగొచ్చాక కొట్టినా, డబ్బు పంపడం మానేసినా "దేశం కోసం కష్టపడినవాడు, సర్దుకుపో" అంటారు. సర్దుకోనవసరం లేదు. 2005 నాటి గృహహింస చట్టం సైనికుడి భార్యకూ వర్తిస్తుంది. భార్యాపిల్లల పోషణకు సైనికుడి జీతంలోంచి కోత విధించే వీలు 1950 నాటి ఆర్మీ చట్టంలోనే ఉంది. అయితే ఆ దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునేది కూడా సైన్యాధికారులే. భర్త పనిచేసే సంస్థే భార్యకు తీర్పరి కావడం ఏం న్యాయం?

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. పోషణ దరఖాస్తులను సైన్యం బయటివాళ్లు కూడా పరిశీలించాలి. సైనికుడు ఇంటికి బయల్దేరే ముందు అతనితోనూ, ఇక్కడ అతని భార్యతోనూ ఎవరైనా కూర్చుని మాట్లాడే ఏర్పాటు ఉండాలి. భర్త పోయిన స్త్రీకి అందే ప్రతి పైసా ఆమె హక్కుగా అందాలి. ఆమె ఎవరితో బతకాలన్నది ఎవరూ అడగకూడదు.

మీ ఊళ్లో, మీ వీధిలో సైనికుల ఇళ్లుంటే వెళ్లండి. ఆయన ఎప్పుడొస్తున్నాడని కాదు, ఇన్నాళ్లూ ఆమె ఎలా నెట్టుకొచ్చిందో అడగండి. చెప్పడానికి ఆమెకు చాలా ఉంది.