అంచునకు బంగారము, అక్షరమునకు పస్తు

గతమాసమున మాకొక శుభలేఖ వచ్చినది. పంపినవారు మాకు పరమాప్తులు గనుక వారి పేరు చెప్పము. దళసరి అట్ట, చుట్టును బంగారుపూతతో తీగెలు, నెమళ్లు, మూలమూలను మామిడిపిందెలు. చేతబట్టినవారెల్ల మెచ్చుకొనిరి. ఎనుబదియేండ్లు దాటినను కండ్లద్దములతో నిత్యము పత్రిక చదువు మా యింటి పెద్దామె మాత్రము దానిని వెలుగునకు పట్టి చదివి, "ఇదేమి నాయనా, పిల్లను పరునికిచ్చి చేయుచున్నారా?" అని యడిగినది.

మేము తీసికొని చూచితిమి. ఆమె చదువులో దోషము లేదు. వకారమునకు తలకట్టు అంటియుండవలెను. విడిపోయినచో నది పకారమగును. సొగసుకొరకై తలకట్టులన్నిటిని అక్షరములనుండి విడదీసి గాలిలో నిలిపిన యొక వింత లిపిలో ఆ శుభలేఖ అచ్చయినది. వరుడు పరుడైనాడు. ధకారము క్రిందనుండు చిన్ననిలువుగీత బంగారుపూతలో మాసిపోయి వధువు వదువుగా మిగిలినది. కల్యాణమండపము పేరిలోని లక్ష్మికి అడుగున వ్రేలాడు మకారపు వత్తును అంచుతీగె తెగగోసినది.

నవ్వి యూరకుండవచ్చును. మేమును నవ్వితిమి. కాని తరువాత నా శుభలేఖను కూర్చిన యువకుని కలిసికొని విచారించగా, అంచును ఎన్నుకొనుటకు మూడుదినములు పట్టెననియు, అక్షరములమాట యడుగగా "ఏదో యొకటి వేసితినండి, తెలుగులిపులన్నియు నొకటేగదా" యనియు చెప్పినాడు. మా నవ్వు అక్కడ నాగిపోయినది. ఆ యొక్కని దోషమైనచో ఈ వ్యాసము వ్రాయకపోదుము. దుకాణముల పేరుపలకలు, సినిమా ప్రకటనలు, పిల్లల వాచకముల అట్టలు, అన్నియు నదేమాట చెప్పుచున్నవి.

డిజైనర్లని నేడు పిలువబడు రూపకర్తలకు అలంకారసామగ్రి కొదువయని ఎవ్వరనగలరు? లేపాక్షి లతామండపపు స్తంభములపై చీరల అంచులకు చాలినన్ని తీరులు చెక్కబడియున్నవి. అమరావతి పద్మములు చెన్నపట్టణపు మ్యూజియములోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను ఉన్నవి. పోచంపల్లి చిటికినూలు కలదు. మన దేశపు అద్దకపు బట్టలకు జడిసి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను మరల 1721లోను నిషేధశాసనములు చేసికొనవలసివచ్చినది. అట్టి దేశమువారు నేడు అంతర్జాలమున వేయింటికొక వెలకు అమ్ముడుపోవు పరదేశపు మూటలనుండి మామిడిపిందెలు తెచ్చుకొనుచున్నారు!

లండనులో ఓవెన్ జోన్స్ అను వాస్తుశిల్పి 1856లో 'గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్' అను గ్రంథమును నూరు రంగుల పటములతో ప్రకటించెను. 1851 నాటి మహాప్రదర్శనమున భారతదేశపు పనితనమును చూచి అతడు ముగ్ధుడైనాడు. మనవారి తీరులకు అందు ప్రత్యేకముగా పటములు కేటాయించినాడు. అయితే ఆ పటములను ఎత్తి అతికించుకొమ్మని అతడు చెప్పలేదు. నిర్మాణము ముందు, అలంకారము దాని ననుసరించి వచ్చునదని అతని ఉపదేశసారము. ఆ పటములనుండి ఎత్తిపోసిన పూలు నేటికిని అట్టలపైకి వచ్చుచున్నవి. ఉపదేశము మాత్రము రాలేదు.

నిర్మాణమననేమో తెలియగోరువారు శ్రీకాళహస్తికి పోయి చూడవలయును. అచ్చటి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరవేయుదురు. ఇనుపతుక్కును బెల్లపునీటిలో ఊరవేసి తీసిన రసము ఆ గుడ్డపై సోకగానే నల్లబడును. వెదురుకలమునకు చుట్టిన ఉన్నిని వ్రేళ్లతో నొక్కుచు, ఆ రసముతో రాముని రేఖ, సీత రేఖ, అంచుతీగె రేఖ గీయుదురు. రామాయణ భారత కథలను చిత్రించు పెద్దగుడ్డలలో, కథాఘట్టములను తెలుపు తెలుగువ్రాత పట్టీలుగా సాగిపోవును. ఆ వ్రాతయు చేవ్రాతయే. బొమ్మను గీచినవాడు అక్షరమును బయటినుండి తెచ్చి అతికించుటలేదు. అక్షరమునకెంత చోటు కావలెనో ఎరిగి తీగె ప్రక్కకు తొలగును. వత్తు క్రిందికి దిగినచోట పువ్వు తగ్గును. ఇంతకన్న మేలైన పాఠశాల రూపకర్తకు మరియొకటి ఉన్నదని మేమెరుగము. అచ్చటికి పోవువారు మాత్రము నెమలిని ఫోటో తీసికొని అక్షరమును విడిచివచ్చుచున్నారు.

తెలుగక్షరము ఇంగ్లీషు అక్షరమువలె రెండుగీతల నడుమ నొదిగియుండునది కాదు. పైన గుడి, ఏత్వము, ఐత్వము, క్రింద వత్తు. 'రాష్ట్రము' అన్న యొక్క మాటను వ్రాసిచూడుడు: షకారము క్రింద టకారము, దానికితోడు రకారము. ఇంగ్లీషు పంక్తుల కొలతనే తెలుగునకును విధించినచో పైపంక్తి వత్తులు క్రిందిపంక్తి గుడులమీద పడును. అంతట రూపకర్త లిపిని చిన్నది చేయును, లేదా అడ్డముగా సాగదీయును. దళసరి చేయుటలో ఘకార ఝకారముల కడుపులు పూడిపోవును, పంట వంట యగును. అంచును అంగుళములో పాతికవంతు తగ్గించుటకు మాత్రము అతనికి చేయిరాదు.

మంచి లిపులు లేవుగదా యని కొందరు వాదింతురు. నలుబదియేండ్లక్రింద ఈ వాదమునకు కొంత బలముండెను. తెలుగునకు యూనికోడులో 1991లోనే స్థానము దొరకినది. పోతన, వేమన యను లిపులను ఉచితముగా నిచ్చినవారున్నారు. మండలి, రామభద్ర, గురజాడ మొదలగునవి గూగుల్ వారి లిపిభండారములో ఎవరైనను తీసికొనదగినట్లున్నవి. అన్నియు నిర్దుష్టములని మేమనము. కొన్నిటిలో వత్తులు మరీ కృశించియున్నవి, దళసరిరూపము లేనివి కలవు. ఐనను ఎన్నుకొనుటకు వీలున్నది. అచ్చుకూటములలో పలువురు ఇంకను పాతకంపెనీల రహస్యసంకేతముల లిపులనే పట్టుకొని వ్రేలాడుచున్నారు. వాటిలో కూర్చిన పాఠమును మరియొకచోటికి ఎత్తినచో తెలుగు పోయి పిచ్చిగీతలు మిగులును. సీసపుటచ్చుల కాలమున 1854లో స్థాపితమైన వావిళ్లవారు వందలకొలది దిమ్మెలను చేతితో ఏరి కూర్చియు, వృద్ధులు సయితము చదువుకొనదగిన గ్రంథములను ఇచ్చిరి. వేలిమొనతో పని జరుగు దినములలో మనకు కుదరనిదేమి?

తప్పు రూపకర్తలదే యని ముగించుట మాకు సమ్మతము కాదు. బంగారుపూత మెరసినదా లేదా యని చూచి డబ్బిచ్చుచున్నది మనము. నమూనా పంపినపుడు పేరులు సరిచూచుకొందుము గాని, ఇంటిలోని ముసలివారిచేతను పదియేండ్ల పిల్లచేతను ఒకసారి చదివించుట లేదు. చదువరులైన గృహిణులు ఈ పని తమ చేతికి తీసికొనవలెనని మా కోరిక.

మా యింట మాఘమాసమున నొక వివాహము కలదు. అంచు వద్దని, తెల్లకాగితముపై నల్లని అక్షరములు చాలునని చెప్పి పంపితిమి. మొదటి నమూనాలో అడుగకయే నెమళ్లు వచ్చినవి. రెండవదానిలో నెమళ్లు పోయినవి, వధువునకు ధకారపు గీత కనబడలేదు. పెద్దామె కండ్లద్దములు పెట్టుకొని ఎఱ్ఱసిరాతో ఆ గీతను తానే గీచి యిచ్చినది. నమూనాను తిప్పి పంపినాము.