అనుకోకుండా దొరికినా ఉద్యోగమే

పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే డాక్టరవుతాననే ఆడపిల్లలున్నారు, టీచరవుతాననే వాళ్లున్నారు. ఎగ్జిబిషన్ స్టాల్‌లో నిలబడి టీపొడి శాంపిల్ ప్యాకెట్లు పంచుతానన్న పిల్ల మాత్రం నాకింతవరకూ తారసపడలేదు. అయినా ఈ పనిలో ఎంతమంది లేరు! సూపర్ మార్కెట్‌లో కొత్త బిస్కెట్ రుచి చూడమని పిలిచే అమ్మాయి, కార్ల షోరూమ్ ప్రారంభానికి కత్తెర పళ్లెం పట్టుకునే అమ్మాయి, సదస్సు గుమ్మంలో పేర్లు రాసుకుని బ్యాడ్జీలిచ్చే అమ్మాయి... ఇందులోకి ఎలా వచ్చారని అడిగి చూడండి. ‘మా ఫ్రెండ్‌కి జ్వరమొస్తే బదులుగా వెళ్లానండీ’ అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది.

నేనూ అలా వచ్చినదాన్నే. డిగ్రీ చదువుతుండగా నాంపల్లి నుమాయిష్‌లో ఓ స్టాల్‌కి పది రోజులకు మనిషి కావాలంటే పక్కింటి అక్క నా పేరు చెప్పింది. ఆ పది రోజులూ పన్నెండేళ్లయ్యాయి. ఇప్పుడు మనుషుల్ని కుదిర్చే పని నాదే.

‘నిలబడి నవ్వడమేగా, అదీ ఒక పనేనా’ అంటారు చాలామంది. సాయంత్రం నుంచి రాత్రి పదిన్నర దాకా నిలబడితే తెలుస్తుంది. జనం నడుస్తూ పోతుంటారు. వాళ్లు స్టాల్ దాటేలోగా మనం అనే మొదటి మాటకే ఆగాలి. ఒకరితో తెలుగు, వెనకాలే వచ్చినవారితో హైదరాబాదీ ఉర్దూ. కొనేవారెవరో, ఊరికే రుచి చూసేవారెవరో ముఖం చూసి పసిగట్టాలి. వెకిలిగా మాట్లాడేవాడిని గొడవ కాకుండా పంపించాలి. చివర్లో మిగిలిన ప్యాకెట్లు లెక్కపెట్టి రిజిస్టరుతో సరిపెట్టాలి. ఇంత నేర్పు కావలసిన పనిని పని కాదనడం ఎలా?

1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఆ నుమాయిష్ ఆదాయంతోనే ఎగ్జిబిషన్ సొసైటీ సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ వంటి ఆడపిల్లల కాలేజీలు నడుపుతోంది. జనం నాలుగు వస్తువులు చూడ్డానికి వచ్చే తిరునాళ్ల నుంచి అంత మేలు జరుగుతున్నప్పుడు, అలాంటి చోట నిలబడి సరుకు అమ్మిపెట్టే పిల్ల శ్రమ చిన్నదెలా అవుతుంది?

అసలు చిక్కు ఈ పని అనుకోకుండా దొరకడంలోనే ఉంది. దరఖాస్తు ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు, కాగితం ఉండదు. ఫోన్‌లో నోటిమాట, అంతే. మొదట్లో ఒక ఏజెన్సీ నన్ను రెండు నెలలు తిప్పి, మూడు రోజుల డబ్బు కోసి ఇచ్చింది. ‘చేతిఖర్చులకేగా అమ్మా’ అన్నాడు అక్కడి మేనేజరు. ఇంట్లోవాళ్లూ ‘పెళ్లయ్యేదాకా కాలక్షేపం’ అంటారు. పని ఇచ్చేవాడూ, కన్నవాళ్లూ ఒకే మాట అంటుంటే ఆ పిల్ల కూడా అదే నిజమనుకుంటుంది. కూలి అడగడానికి మొహమాటపడుతుంది.

చట్టం అలా అనుకోవడం లేదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం రోజుకూలి మీద వచ్చినవారినీ, తాత్కాలికంగా పెట్టుకున్నవారినీ, ఏజెంటు ద్వారా వచ్చినవారినీ ఉద్యోగులుగానే చూస్తుంది. పనిమీద వెళ్లిన చోటు, యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిస్థలమే. పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోటైతే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. మామూలుగా మూడు నెలల్లోగా ఇవ్వాలి. ‘రెండు రోజుల పనికి ఇవన్నీ ఎందుకు’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

కాళ్ల నొప్పి సంగతీ చిన్నది కాదు. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. అక్కడి ప్రభుత్వం 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి సిబ్బందికి కూర్చునే సదుపాయం ఉండాలంది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఒక స్టూలు కోసం ఇంత పోరాటమా అని నవ్వేవాళ్లు ఏడు గంటలు నిలబడి చూడాలి.

అందుకే ఈ పనికి వెళ్లే అమ్మాయిలకు నేను చెప్పేది ఒకటే. ఒప్పుకునే ముందు అయిదు సంగతులు రాతలో తీసుకోండి, వాట్సాప్ సందేశమైనా సరే. రోజుకెంత, ఎన్ని గంటలు, డబ్బు ఏ తేదీన ఇస్తారు, వేసుకోవలసిన బట్టలేమిటి, రాత్రి ఇంటికి దింపే బాధ్యత ఎవరిది. రాసివ్వనన్న చోటికి వెళ్లకండి. చేసిన ప్రతి పనీ తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి. రేపు పదిమందిని నడిపించే సూపర్‌వైజర్ పని అడగాలన్నా, సొంతంగా కాంట్రాక్టు పట్టాలన్నా మీ అనుభవానికి లెక్క అదే.

ఇక తల్లులకు ఒక మాట. ‘ఎందుకే నీకా తిరుగుడు పని’ అని అడ్డుకుంటే పిల్ల మానేయదు, మీకు చెప్పడం మానేస్తుంది. దానికి బదులు ‘ఎన్నింటికి వస్తావు, ఎవరు దింపుతారు, డబ్బెప్పుడిస్తారు’ అని అడగండి. అన్నయ్య ఉద్యోగం గురించి అడుగుతాం కదా, అలాగే.