బ్రతికియున్న పెట్టెకు దహనసంస్కారము

ప్లాస్మా టెలివిజను వెలుగుట మానినతోడనే "పానెలు పోయినది, పాతసామానులవానికి వేసివేయుడు" అని తీర్పు చెప్పు ఆచారము మన పట్టణములందు ప్రబలియున్నది. నాడియైన పట్టి చూడక మరణపత్రము వ్రాసి యిచ్చు వైద్యుని మనము సహింతుమా? ఈ పెట్టె విషయమున మాత్రము సహించుచునే యున్నాము. చచ్చినవని మోయించివేసిన పెట్టెలలో పెక్కింటికి తెర చెడలేదనియు, విద్యుత్తు నందించు బోర్డులోని యల్పదోషముచేతనే యవి మూగవోయినవనియు మా యభిప్రాయము.

1964వ సంవత్సరమున అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయమున బిట్జరు, స్లాటో, విల్సన్ అను మువ్వురు ఈ తెరను కల్పించిరి. దీనిని పెద్దయెత్తున చేసిన పానసోనిక్ వారు 2013 తుదిని, శాంసంగ్, ఎల్.జి. వారలు 2014లో ఉత్పత్తి మానివేసిరి. కావున నేడు మన యిండ్లలో నున్నవే మిగిలినవి. చెడినదానిని బాగుచేసికొనుట తప్ప మరియొక దారి లేదు.

గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు తిన్నగా తెరకు పోదు. ప్లగ్గు పెట్టినంతనే 5 వోల్టుల చిన్నధార పుట్టి, మీట నొక్కుటకై కాచుకొనియుండును. మీట నొక్కగానే రిలే టక్కుమనును. పెద్ద కెపాసిటరుపై ఇంచుమించు 400 వోల్టులు నిలుచును. దానినుండి నియాను, జీనాను వాయువులను వెలిగించు వి.యస్. అను 200 వోల్టుల ప్రాంతపు ధారయు, గళ్ల నెన్నుకొను వి.ఏ. అను 60 వోల్టుల ప్రాంతపు ధారయు బయలుదేరును. ఏ పానెలునకు సరిగా ఎన్ని వోల్టులు కావలయునో దాని వీపున నంటించిన చీటీపైననే అచ్చువేయబడియుండును. తీర్పు చెప్పువారిలో ఆ చీటీని చదివినవా రెందరు?

ఎఱ్ఱదీపమే వెలుగకున్నచో ముందుగా ఫ్యూజును, తరువాత ఆ 5 వోల్టులను చూడవలయును. ఫ్యూజు ఊరక కాలదు. లోపల నెచ్చటనో తీగలు కలిసిపోయినట్లు జరిగినచో కాలును. దాని స్థానమున లావు తీగ చుట్టుట యిల్లు తగులబెట్టుకొనుటయే. రిలే టక్కుమని, రెండు మూడు క్షణములలో మరల టక్కుమని పడిపోయినచో పెట్టె తన్నుతాను కాపాడుకొనుచున్నదని యర్థము. అప్పుడు తెరను నడుపు బోర్డులకు పోవు వి.యస్. తీగను విడదీసి చూడవలయును. ధార నిలిచినచో దోషము ఆ బోర్డులది. అప్పటికిని పడిపోయినచో సరఫరా బోర్డునే ముందుగా శంకింపవలయును. దీప మెన్నిమారులు మిణుకుమన్నదో లెక్కించినను కొన్ని పెట్టెలు తమ రోగమును తామే చెప్పును. ఇక తలలు ఉబ్బిన కెపాసిటరులను కనుగొనుటకు కన్నులుండిన చాలును.

మా కార్యాలయపు పెట్టెకే యీ గతి పట్టినది. ఒక మరమ్మతుశాలవారు పానెలు పోయినదని త్రిప్పి పంపిరి. వేరొక యువకుడు మీటరు పట్టి చూచి, ఉబ్బిన కెపాసిటరులు రెంటిని మార్చెను. నేటికిని అది వెలుగుచున్నది.

ఈ వ్రాతను చూచి పాఠకులు స్వయముగా మూత విప్పుదురేమో యని మాకు భయము. ప్లగ్గు తీసిన పిమ్మటను ఆ పెద్ద కెపాసిటరు ప్రాణము తీయగల విద్యుత్తును దాచుకొనియుండును. అనుభవశాలి దానిని తగిన నిరోధకముద్వారా ఖాళీచేసి, మీటరుతో సరిచూచుకొని గాని చేయి పెట్టడు.

ఈ పెట్టెలు విద్యుత్తు నెక్కువగా త్రాగునని కొంద రాక్షేపింతురు. నిజమే. మార్చదలచినవారు మార్చుకొనవచ్చును, కాని అది యజమాని యిష్టముచే జరుగవలెను గాని, మీటరు పట్టనేరనివాని మాటచే కాదు.

మెకానికునొక్కనిని నిందించిన న్యాయము కాదు. సర్క్యూటు పటము చేతికీయక, బోర్డు మొత్తము మార్పుమను వ్యాపారపద్ధతి వానినట్లు తయారుచేసినది. మన కేంద్రప్రభుత్వము 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి సంఘము నేర్పరచి, ఆ డిసెంబరులోనే ఒక పోర్టలును తెరచినది. ఐరోపా కూటమి 2024లో శాసనమే చేసినది. తలుపు తెరచుట మంచిదే, లోపల వస్తువు లుండవలదా? తయారు మానిన పెట్టెల పటములను దాచి కంపెనీలు కాపాడుకొను రహస్య మేమున్నది? వానిని, వోల్టుల పట్టికలను ప్రకటింపవలసినదని ప్రభుత్వము వారిని నిర్బంధింపవలయును.

అంతవరకును పాఠకు లొక్కపని చేయవచ్చును. పానెలు పోయినదని యెవరైన చెప్పినచో, చీటీపై నున్న వోల్టు లెన్నియో, మీటరున వచ్చిన వెన్నియో కాగితముపై వ్రాసి యిమ్మని యడుగుడు.