ఒక్క తలుపైనా ఉండాలి

అమెరికాలో లోవెల్ అనే ఊళ్ళో మా చెల్లెలు ఇల్లు కొంటోందిట. పాత నూలుమిల్లును ఫ్లాట్లుగా మార్చారు. "లాఫ్ట్ అంటే మన అటక కాదక్కా! గదుల్లేని పెద్ద హాలు. ఎర్ర ఇటుకలు, నిలువెత్తు కిటికీలు!" అంటూ ఫోన్లో ఒకటే సంబరం.

ఆ కిటికీల సంగతి నేనూ చదివాను. మగ్గాలకు వెలుతురు కోసం పెట్టినవవి. దారం తెగుతుందని గాలి మాత్రం రానిచ్చేవారు కాదు. పల్లెల నుంచొచ్చిన ఆడపిల్లలు రోజుకు పన్నెండు గంటలకు పైనే అక్కడ పనిచేశారు. 1834లో కూలి తగ్గించినప్పుడు, 1836లో బసఖర్చు పెంచినప్పుడు పని మానేసి రోడ్డెక్కారు. రాత్రి పడకా అంతంతమాత్రమే. గదికి నలుగురైదుగురు, మంచానికి ఇద్దరు. తలుపేసుకుని ఒంటరిగా కూర్చునే చోటు వాళ్ళకెక్కడిది?

మరి దీనికో? పురిటికి అమ్మ వెళ్తే ఆర్నెల్లు ఉంటుంది. చీరెక్కడ మార్చుకోవాలి, బాత్‌రూములోనా? గోడ కడితే అందం పోతుందని మరిదిగారంటున్నారట. అందం చూడ్డానికొచ్చేవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు కదా!

కొనొద్దనలేదు. సంతకం పెట్టేముందు, అడ్డుగోడ కట్టుకోనిస్తారో లేదో కాగితం మీద రాయించుకోమన్నాను.

"ఆయన్నడిగి చెప్తానక్కా" అంది.