ప్రోబయోటిక్ మేత: ఉత్తరాంధ్ర చెరువులలో ముందు తేలవలసిన లెక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చేపల పెంపకం కొల్లేరు పరిసరాల పెంపకం వంటిది కాదు. ఇక్కడ చేప ఎక్కువగా వర్షాధార చెరువులలో పెరుగుతుంది. ఆ చెరువు ముందు పొలానిది, పశువులది. ఆ తరువాతే చేపలది. వానలకు నిండి వేసవి నాటికి అడుగంటే నీటిలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వదలి కొద్ది నెలలలో పట్టుకుంటారు. క్రమం తప్పక తవుడు, చెక్క వేయగల స్తోమత కొందరికే ఉంటుంది. ఇటువంటి రైతుకు మేతలో కలిపే ప్రోబయోటిక్‌లను సిఫారసు చేయవచ్చునా అన్నది విస్తరణ శాస్త్రవేత్తలు నిదానించి తేల్చవలసిన విషయం.

ప్రోబయోటిక్ ప్రయోజనాన్ని కాదనలేము. బాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు చేప పేగులో జీర్ణక్రియకు తోడ్పడే ఎంజైములను విడుదల చేస్తాయి. రోగకారక క్రిములకు చోటు దక్కకుండా పోటీపడతాయి. యూరోపియన్ యూనియన్ 2006 నుండి పశువుల మేతలో పెరుగుదల కొరకు యాంటీబయోటిక్‌ల వాడకాన్ని నిషేధించిన తరువాత ఈ మార్గానికి ప్రాధాన్యం మరింత పెరిగింది. అయితే 2001లో ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు ఇచ్చిన నిర్వచనంలో రెండు షరతులున్నాయి: సూక్ష్మజీవి సజీవంగా ఉండాలి, తగిన మోతాదులో అందాలి.

ఈ రెండు షరతులు చెరువు గట్టున ఎంతవరకు నెరవేరుతున్నాయి? గ్రాముకు 100 కోట్ల కణాలున్న పొడిని కిలో మేతకు 5 గ్రాముల చొప్పున కలిపితే గ్రాము మేతకు 50 లక్షల కణాలు చేరుతాయి. ఎండ తగిలే గదిలో నెలల తరబడి నిలువ ఉండి కణాలలో నూటికి ఒకటే బ్రతికితే, చేరేవి 50 వేలు మాత్రమే. రైతు చెల్లించే వెల మాత్రం తగ్గదు. బాసిల్లస్ సిద్ధబీజాలు వేడిని కొంత తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్ అంతగా తట్టుకోలేదు. పొడి తవుడుపై చల్లిన మందు నీటిలో కొట్టుకుపోతుంది. యాంటీబయోటిక్‌తో కలిపి వాడితే ఒక చేత్తో విత్తి మరొక చేత్తో పెరికినట్లే.

సస్యశాస్త్రంలో ఈ సమస్య మనకు కొత్త కాదు. వరి మాగాణులలో మినుము, పెసర విత్తనానికి రైజోబియం పట్టించమని చెబుతూ వచ్చాము. పొట్లంలో జీవమున్న చోట వేరుబుడిపెలు కనిపించాయి. లేని చోట రైతుకు సిఫారసుపైనే నమ్మకం పోయింది. 2006లో జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చి, పొడి రూపంలోని రైజోబియంకు గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలని నిర్దేశించారు. ప్రోబయోటిక్ పొట్లాన్నీ అదే కొలబద్దతో చూడాలి. సూక్ష్మజీవి పేరు, కణాల సంఖ్య, తయారీ తేదీ, గడువు, నిలువ చేయవలసిన ఉష్ణోగ్రత లేని పొట్లాన్ని సిఫారసు చేయరాదు.

అంతకన్నా ముఖ్యమైనది వరుసక్రమం. మేతే వేయని చెరువులో మేత ప్రోబయోటిక్‌కు తావు లేదు. అక్కడి రైతు చేతిలోని రూపాయి ముందుగా ఎదిగిన చేపపిల్లకు, అవసరమైన చోట సున్నానికి, తరువాత మేతకు పోవాలి. క్రమంగా మేత వేసే చెరువులలోనే ప్రోబయోటిక్‌ను పరీక్షించాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు, మత్స్యశాఖ కలిసి రైతుల చెరువులలో ప్రదర్శనలు చేపట్టి, ప్రోబయోటిక్ కలపని చెరువులను పక్కనే పోలికకు ఉంచాలి. నెలనెలా చేపల బరువు, బ్రతికిన శాతం, కిలో చేపకు పట్టిన మేత, అయిన ఖర్చు నమోదు చేయాలి. విద్యార్థుల పరిశోధనలకు ఇది తగిన అంశం.

డెల్టా చెరువులలో వచ్చిన ఫలితాన్ని యథాతథంగా ఇక్కడి రైతుకు చెప్పడం విస్తరణ కాదు. అతని చెరువులో ఆ ఫలితం నిలుస్తుందో లేదో చూసి చెప్పడమే విస్తరణ.